ఎడారిలో బండ్లు కడిగే పని
(పాత్రపూర్ ఉగాది సభలో చేసిన ప్రసంగపాఠం)



ఉగాదినాటి సభలో కవిత్వం గురించి, పంచాంగ ఫలాల గురించి చక్కగా చెప్పగలవారు చాలామంది ఉన్నారు. సంఘంవారు మాత్రం నన్ను పిలిచి, "నువ్వు చేసివచ్చిన పనిని గురించే నాలుగు మాటలు చెప్పు" అన్నారు. నేను చేసివచ్చిన పని బండ్లు కడగటం. పదకొండేండ్లపాటు గల్ఫు దేశంలో ఒక కంపెనీ తరఫున లారీలు, బస్సులు, టాంకర్లు కడిగాను. ఈ సభలో కూర్చున్న కొందరి పిల్లలు ఇప్పుడు ఆ పనిమీదనే ఉన్నారు. మరికొందరు పాసుపోర్టు చేతపట్టుకొని బయలుదేరటానికి సిద్ధంగా ఉన్నారు. ఆ పని ఎట్టిదో వెళ్ళేవారికీ, ఇంటిదగ్గర ఉండేవారికీ తెలిసి ఉండటం మంచిదని నా ఉద్దేశం.

మన ప్రాంతంవారికి వలస కొత్త సంగతి కాదు. గోపాలపూర్ రేవులో ఓడ ఎక్కి రంగూనుకు పోయినవారి మనుమలు, మునిమనుమలు ఈ చుట్టుపక్కల ఊళ్ళలో ఇప్పటికీ ఉన్నారు. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా వేరు రాష్ట్రమైనప్పుడు మనలో కొందరు ఉన్న ఊరు కదలకుండానే పరరాష్ట్రం వారమైనాము. ఇచ్ఛాపురం, సోంపేట, మందస వైపునుండి పనులకోసం వచ్చి ఇక్కడ నిలిచిపోయినవారు మరికొందరు. ఇక్కడినుండి సూరత్ మగ్గాలకు పోయేవారు పోతూనే ఉన్నారు. దుబాయి, కువాయిట్, మస్కట్, ఖతార్ మనకు ఆఖరున దొరికిన రేవులు. అక్కడ కరీంనగరం, నిజామాబాదు, కడప, గోదావరి జిల్లాల తెలుగువారు మనకంటె ముందే చేరి ఉన్నారు. వారివద్దనే నేను ఈ పని నేర్చుకొన్నాను.

నేను వెళ్ళిన కొత్తలో మా అమ్మ ఫోనులో అడిగింది: "ఏటిరా బాబూ, వానే పడని దేశంలో బళ్ళు కడగడమేటి? బురదెక్కడిది?" అని. సబబైన ప్రశ్నే. మన బరంపురం ప్రాంతంలో ఏడాదికి 1,200 మిల్లీమీటర్లకు పైగా వాన కురుస్తుంది. దుబాయిలో 100 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. ఇక్కడ సగం బండ్లను వానే కడిగిపెడుతుంది. అక్కడ కడగవలసింది మనిషే. ఎడారి దుమ్ము పిండివలె సన్నగా ఉంటుంది. సముద్రతీర నగరాలలో రాత్రి మంచు కురుస్తుంది. ఆ తేమకు దుమ్ము తడిసి, ఉదయపు ఎండకు ఎండి, బండిమీద పెచ్చు కడుతుంది. ఆ గాలిలో ఉప్పు కూడ ఉంటుంది. పది రోజులు వదిలితే అద్దాలు మసకబారుతాయి, దీపాలు సగం వెలుగే ఇస్తాయి, వెనుక ఉండే ఎర్రని మెరుపుబిళ్ళలు రాత్రిపూట కనబడవు. రేడియేటరు సందులలో దుమ్ము కూరుకొనిపోయి ఇంజను వేడెక్కుతుంది. పాలు, చేపలు, మాంసం మోసే బండి శుభ్రంగా లేకపోతే తనిఖీ అధికారి దానిని ఆపివేస్తాడు. మురికికారును వీధిలో వదిలి ఊరికి పోయినవారికి దుబాయి పురపాలక సంఘం 500 దిర్హాముల జరిమానా వేస్తుంది. కనుక ఈ పనికి గిరాకీ ఎప్పుడూ తగ్గదు.

ఇక బండిని కడిగేచోటికి తీసుకొనిపోవటమా, కడిగేవాడే బండివద్దకు పోవటమా అనేది రెండవ ప్రశ్న. యాభై లారీలున్న కంపెనీ వాటిని ఒక్కొక్కటిగా కడిగే షెడ్డుకు పంపితే నూనె ఖర్చు, డ్రైవరు గంటలు, క్యూలో నిలబడే కాలం అన్నీ దండుగ. అందుచేత రాత్రి లారీలన్నీ యార్డులో వరుసగా నిలిచినప్పుడు మేమే బయలుదేరేవాళ్ళం. మా చిన్న వ్యాను వెనుక వెయ్యి లీటర్ల నీటి టాంకు, పంపు, దానిని నడిపే ఇంజను, చుట్టచుట్టిన రబ్బరు గొట్టాలు, సబ్బు డబ్బాలు, పొడుగు కర్రలకు కట్టిన మెత్తని బ్రష్షులు, నిచ్చెన, దీపాలు ఉండేవి. ముగ్గురు మనుషులు. రాత్రి పది గంటలకు మొదలుపెడితే తెల్లవారేసరికి ముగించాలి. లారీ ఉదయం రోడ్డెక్కవలసిందే.

అక్కడివారు చలికాలంలో కుటుంబాలతో ఎడారికి పోయి కారవాన్లలో, అనగా చక్రాలమీది ఇండ్లలో, మకాం ఉంటారు. అమెరికాలో ఇవి మరీ ఎక్కువ. చలిదేశపు రాష్ట్రాలనుండి వృద్ధులు ఇటువంటి ఇంటిబండ్లు తోలుకొని వచ్చి, అరిజోనా ఎడారిలో క్వార్ట్‌జ్‌సైట్ వంటి చోట్ల చలికాలమంతా గడుపుతారు. వీటిని కడగటం లారీ కడిగినట్లు కాదు. పైకప్పుకు చాలావాటికి రబ్బరు పొర ఉంటుంది. దానిమీద బిరుసు బ్రష్షు వేస్తే చిరుగుతుంది. కిటికీల చుట్టూ ఉండే బంకపట్టీలమీద గట్టి నీటిధార కొడితే నీరు గోడలోపలికి పోయి చెక్క కుళ్ళిపోతుంది. ఎండకు పైకప్పు సుద్దవలె పొడిరాలుతుంది. కనుక ముందుగా పైకప్పు కడిగిన తరువాతనే గోడలు కడగాలి. లేకపోతే తెల్లని చారలు దిగి చేసిన పని పాడవుతుంది. తడిసిన కప్పుమీదినుండి జారిపడిన మనిషిని నేను చూచాను. కప్పు ఎక్కకుండ నిచ్చెనమీదనే నిలబడి పొడుగు కర్రతో కడగటం మంచిది.

ఇప్పుడు నీటి సంగతి. కువాయిట్‌లో ఒక్క నది కూడ లేదు. గల్ఫు నగరాలలో త్రాగే నీరు చాలావరకు సముద్రపు నీటినుండి ఉప్పు తీసి తయారుచేసినదే. మన బాహుదాలో లారీని దింపి చెంబులతో, బకెట్లతో కడిగినట్లు అక్కడ కడిగితే యజమాని దివాలా తీస్తాడు. మామూలు గొట్టంనుండి నిమిషానికి పదిహేను లీటర్ల నీరు పోతుందనుకొందాం. వెయ్యి లీటర్ల టాంకు గంట దాటగానే ఖాళీ. ఒత్తిడి పంపుతో అయితే నిమిషానికి ఏడెనిమిది లీటర్లు చాలు, పైగా మురికి త్వరగా వదులుతుంది. ఒక లారీకి పది నిమిషాలు ధార విడిచితే డెబ్బది ఐదు, ఎనభై లీటర్లు. టాంకుకు పన్నెండు, పదమూడు లారీలు. ఈ లెక్క మా ఫోర్మాను పుస్తకంలో రోజూ వ్రాసేవాడు. ఇది ఎడారికే పరిమితమైన సంగతి అనుకోకండి. 2024 మార్చిలో నీటికరువు వచ్చినప్పుడు బెంగుళూరు నీటిబోర్డు త్రాగేనీటితో బండ్లు కడగరాదని ఉత్తరువు చేసి, తప్పినవారికి 5,000 రూపాయల జరిమానా పెట్టింది.

పని చేసే విధానం వినటానికి తేలిక. మొదటి వారంలో నేను సబ్బు బకెట్టు ఎత్తబోతుంటే కరీంనగరం పెద్దాయన నా చేయి పట్టుకొన్నాడు.

"తమ్మీ, ముందుగాల రేకు మీద చెయ్యి పెట్టి సూడు. నీ చెయ్యి ఓర్వకపోతే సబ్బు గుడ ఓర్వది."

"అలాగేనన్నా" అన్నాను. ఈ పనిలో మొదటి పాఠం అదే. వేడిగా ఉన్న రేకుమీద సబ్బునీరు కడిగేలోపునే ఆరిపోయి మచ్చలు మిగులుతాయి. కనుక నీడలో గాని, రాత్రిపూట గాని కడగాలి. ముందు సన్నని తుంపరతో రేకును చల్లార్చాలి. వేడి అద్దంమీద మాత్రం ఒక్కసారిగా చన్నీరు కొట్టరాదు. ఎక్కడైనా చిన్న దెబ్బ ఉంటే అది బీటవారుతుంది.

రెండవ పాఠం ఇసుకది. ఎడారి ఇసుకలో ఎక్కువభాగం క్వార్ట్‌జ్ రాయి. అది గాజుకంటె గట్టిది. పొడిగుడ్డతో తుడిస్తే రంగుపూతమీద గరుకుకాగితం రుద్దినట్లే. అందుచేత నీటిధారతో ఇసుక దింపనిదే గుడ్డ తాకించకూడదు. పెద్ద బండికి సబ్బు క్రిందినుండి పైకి పట్టించాలి, నీరు పైనుండి క్రిందికి కొట్టాలి. సబ్బు పైనుండి పట్టిస్తే అది చారలుచారలుగా జారి, ఆ చారల గుర్తులు మిగిలిపోతాయి. ఒక ప్రక్క పూర్తిగా కడిగిన తరువాతనే రెండవ ప్రక్క. బ్రష్షు ముంచటానికి రెండు బకెట్లు ఉండాలి, ఒకటి సబ్బుకు, ఒకటి బ్రష్షులోని ఇసుక జాడించటానికి.

మూడవది ఉప్పు. లీటరు నీటిలో అరగ్రాము లవణాలున్నవనుకోండి. కడిగిన తరువాత లారీమీద రెండు లీటర్ల నీరు నిలిచి ఆరిపోతే, ఒక గ్రాము లవణం తెల్లని చుక్కలుగా రంగుమీద మిగులుతుంది. ప్రతివారం ఇట్లాగే జరిగితే అద్దం మసకబారిపోతుంది. అందుకే ఆఖరుసారి లవణాలు తీసిన నీటితో కడిగి వదలాలి, లేదా వెంటనే తుడవాలి.

కడిగిన నీరు ఎక్కడికి పోతుందనేది మన ఇండ్ల దగ్గర ఎవరూ అడగని ప్రశ్న. అక్కడ అడుగుతారు. ఆ నీటిలో నూనె, గ్రీజు, టైర్ల పొడి, సబ్బు ఉంటాయి. వానకాలువలో వదిలితే అది శుద్ధి కాకుండానే సముద్రంలో కలుస్తుంది. త్రాగేనీరు తీసేది కూడ ఆ సముద్రంనుండే గదా! అమెరికాలో 1972 నాటి నీటి పరిశుభ్రతా చట్టం, దానికి 1987లో వచ్చిన సవరణలు వానకాలువలను కూడ కాపాడుతున్నవి. మేము బండి క్రింద గట్టు ఉన్న రబ్బరు పరుపు పరిచి, నీటిని పంపుతో పీల్చి వేరే టాంకులోకి ఎత్తేవాళ్ళం. పెద్ద డిపోలలో గోతిలో ఇసుక దింపి, పైన తేలిన నూనె తీసి, ఆ నీటినే మళ్ళీ చక్రాలు కడగటానికి వాడుతారు.

ఒక హెచ్చరిక చేయాలి. అల్యూమినియం చక్రాలకు, టాంకరు రేకులకు మెరుపు తెచ్చే కొన్ని మందులలో హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం ఉంటుంది. పలచగా ఉన్నప్పుడు చేతిమీద పడినా వెంటనే మంట తెలియదు. కొన్ని గంటల తరువాత నొప్పి మొదలవుతుంది. అప్పటికి అది చర్మం దాటి లోపలికి దిగి, ఒంటిలోని కాల్షియాన్ని పట్టుకొని, ప్రాణానికే ముప్పు తెస్తుంది. డబ్బామీద ఆ పేరు ఉంటే తగిన చేతితొడుగులు, కండ్లద్దాలు లేకుండ ముట్టవద్దు. పడితే వెంటనే ధారాళంగా నీటితో కడిగి, కాల్షియం గ్లూకొనేటు లేపనం రాసి, ఆసుపత్రికి పోవాలి. చదువురాకపోతే డబ్బామీద ఏమి వ్రాసిందో అడిగి తెలుసుకోవటంలో సిగ్గుపడవలసిన పని లేదు.

ఇంతవరకు బండి సంగతి చెప్పాను. ఇక మనిషి సంగతి. నేను ముఖ్యంగా చెప్పదలచినది ఇదే. ఒక్కొక్క బండికి ఎన్ని లీటర్ల నీరు పట్టిందో ఫోర్మాను పుస్తకంలో లెక్క ఉంటుంది. దానిని కడిగిన మనిషి ఎన్ని నీళ్ళు త్రాగాడో ఏ పుస్తకంలోనూ ఉండదు. ఆ లెక్క మనమే పెట్టుకోవాలి.

2016 జులై 21న కువాయిట్‌లోని మిట్రిబాలో 53.9 డిగ్రీల వేడి నమోదయింది. అంతటి పగలు పోయి రాత్రి వచ్చినా తీరపు నగరాలలో ఆగస్టు నెల అర్ధరాత్రి 30 డిగ్రీలు దాటే ఉంటుంది. గోపాలపూర్ ఒడ్డున శ్రావణమాసంలో పట్టే ఉక్క మీకు తెలుసు. అంతకు మించిన ఉక్కలో రబ్బరు బూట్లు, రబ్బరు కోటు తొడుక్కొని పనిచేస్తే చెమట ఆరదు. చెమట ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు. గంటకు లీటరు చెమట పోవటం మామూలే. చుట్టూ నీరే ఉన్నది గనుక దాహం తెలియదు. తడిసిన మనిషి తనకు వేడి తగలటంలేదని అనుకొంటాడు. మూత్రానికి పోతే పని ఆగుతుందని నీరు త్రాగటం మానుకొనేవారు కూడ ఉన్నారు.

ఈ మాట మన ప్రాంతంలో ఎందుకు గట్టిగా చెప్పాలో మీకు వివరించనక్కరలేదు. మనకు పొరుగున ఉన్న ఉద్దానంలో, కవిటి, సోంపేట, ఇచ్ఛాపురం, కంచిలి, మందస, పలాస వైపు, మూత్రపిండాల జబ్బు ఎన్ని ఇండ్లను ఆర్పిందో మీరు చూస్తూనే ఉన్నారు. పలాసలో మూత్రపిండాల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో తెరిచారు. ఆ జబ్బుకు కారణం ఇదీ అని ఇంతవరకు తేలలేదు. కాని, తీవ్రమైన వేడిలో తగినంత నీరు లేకుండ ఏండ్ల తరబడి శ్రమించేవారి మూత్రపిండాలు దెబ్బతింటాయని మాత్రం ప్రపంచమంతటా వైద్యులు చెప్తున్నారు. పనిచోటి వేడివల్ల మూత్రపిండాల జబ్బు వచ్చినవారు 2 కోట్ల 62 లక్షలమంది ఉన్నారని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2024లో అంచనా వేసింది. పుట్టిన చోటనే ఈ భయం ఉన్న పిల్లలు ఆ వేడిలోకి పోతున్నారు. వారు మరింత జాగ్రత్తగా ఉండవద్దా?

జాగ్రత్తలు పెద్దవి కావు. పదిహేను, ఇరవై నిమిషాలకొకసారి ఒక గ్లాసు నీరు దాహం వేయకపోయినా త్రాగాలి. ఒక్కసారిగా రెండుమూడు లీటర్లు పట్టించటం కూడ మంచిది కాదు. మూత్రం లేత పసుపుగా ఉంటే సరే. ముదురు రంగయితే నీరు చాలలేదన్నమాట. కొత్తవాడు మొదటిరోజునే పూర్తి పనిచేయరాదు. అయిదోవంతుతో మొదలుపెట్టి రోజుకు అయిదోవంతు చొప్పున పెంచుకోవాలి. ఒళ్ళునొప్పులకని నొప్పిమాత్రలు రోజూ మింగే అలవాటు మన క్యాంపులలో ఉంది. ఒంటిలో నీరు తగ్గినప్పుడు డైక్లోఫినాక్, ఐబుప్రొఫెన్ వంటివి మూత్రపిండాలకు చెరుపు చేస్తాయి. తోటివాడు తూలి, మాట తడబడి పడిపోతే, వాహనం వచ్చేదాకా చూస్తూ కూర్చోవద్దు. అతన్ని నీడకు చేర్చి, కోటు విప్పి, ఒళ్ళంతా నీటితో తడుపుతూ ఉండాలి. తరువాత ఆసుపత్రి. మన చేతిలో ఉన్న గొట్టమే ఆ క్షణంలో ప్రాణం నిలిపే మందు. గట్టిధార మాత్రం కాదు, మెల్లని ధార.

చట్టం కూడ కొంత అండగా ఉంది. ఆరుబయట ఎండలో పని ఎమిరేట్లలో జూన్ 15 నుండి సెప్టెంబరు 15 వరకు పగలు 12.30 నుండి 3 గంటలవరకు నిషిద్ధం. కువాయిట్‌లో జూన్, జులై, ఆగస్టు నెలలలో 11 నుండి 4 వరకు. ఖతార్‌లో 2021లో వచ్చిన నిబంధన ప్రకారం జూన్ 1 నుండి సెప్టెంబరు 15 వరకు 10 నుండి 3.30 వరకు. వేడిని, తేమను కలిపి కొలిచే లెక్క 32.1 డిగ్రీలు దాటితే ఏ వేళనైనా పని ఆపవలసిందే. ఈ గంటలు తెలిసినవాడు అడగగలడు. తెలియనివాడు తలవంచుకొని ఎండలోకి పోతాడు.

కాగితాల విషయం క్లుప్తంగా చెప్తాను. పదవ తరగతి గట్టెక్కనివారి పాసుపోర్టుమీద ఎమిగ్రేషన్ తనిఖీ ముద్ర ఉంటుంది. వారు ఏజెంటు ద్వారా పోతే ఆ ఏజెంటు ప్రభుత్వంలో నమోదైనవాడై ఉండాలి. ఏజెంటు రుసుము 30,000 రూపాయలు, దానిమీది పన్ను మించరాదని నిబంధన. లక్షలు అడిగేవాడు నిబంధన తప్పినవాడే. ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద పది లక్షల బీమా ఉంది, ఆ కాగితం నకలు ఇంట్లో ఉంచి వెళ్ళాలి. చూచివచ్చే వీసామీద పోయి పనికి కుదరటం గాని, లైసెన్సు లేకుండ సాయంత్రాలు ఇండ్లవద్ద కార్లు కడిగి సంపాదించటం గాని చేస్తే, పట్టుబడినరోజున మన పక్షాన నిలిచేవారెవరూ ఉండరు.

తిరిగివచ్చినవారికి ఈ పని ఇక్కడ కూడ అక్కరకు వస్తుంది. కలకత్తా, మద్రాసు రహదారి మన జిల్లాగుండానే పోతున్నది. లారీలు, స్కూలు బస్సులు, అంబులెన్సులు, పాలబండ్లు లెక్కలేనన్ని. చెరువులో లారీ దింపి ఊరి నీటిలో నూనె కలపకుండ, ఒక టాంకు, ఒక పంపు, ఒక చిన్న బండితో యజమాని వాకిట్లోనే కడిగిపెట్టవచ్చు. నేనిప్పుడు చేస్తున్నది అదే. నీరు పొదుపు చేయటం ఎడారిలో నేర్చుకొన్నాను గనుక ఇక్కడ నా ఖర్చు తక్కువ.

చివరగా సంఘంవారికి ఒక మనవి, తల్లిదండ్రులకు ఒక మనవి. మన ఊరినుండి పైదేశం పోయే ప్రతి కుర్రవాణ్ణి వెళ్ళేముందు ఒక పూట కూర్చోబెట్టి ఈ సంగతులు చెప్పే ఏర్పాటు సంఘం చేయాలి. కాగితాలు చదివిపెట్టటానికి చదువుకొన్నవారు ఇద్దరు ముందుకు రావాలి. వెళ్ళేముందు ఒకసారి, సెలవుమీద వచ్చిన ప్రతిసారి, రక్తంలో క్రియాటినిన్ పరీక్ష చేయించాలి. అది పెద్ద ఖర్చు కాదు. విమానం టిక్కెట్టుతో పోల్చితే ఏపాటిది? నేను మాట్లాడటానికి సిద్ధంగా ఉన్నాను, ఎప్పుడు పిలిచినా వస్తాను.

తల్లులారా, అబ్బాయి ఫోను చేసినప్పుడు డబ్బు ఎప్పుడు పంపుతావని అడగటం తప్పు కాదు. అప్పులున్నవి, చెల్లెలి పెండ్లి ఉన్నది, అడగక తప్పదు. దానితోపాటు "ఇవాళ ఎన్ని సీసాల నీళ్ళు తాగావు నాయనా" అని కూడ అడగండి. రోజూ అడిగేవారున్నారని తెలిస్తే వాడు లెక్కపెట్టి త్రాగుతాడు.

 మన పిల్లలందరూ వెళ్ళినంత ఆరోగ్యంతో తిరిగి ఇల్లు చేరాలని ఈ కొత్త సంవత్సరంలో కోరుకొంటూ సెలవు తీసుకొంటున్నాను.